కంటైనర్ ఆగినా ఆర్డర్ ఆగదు



ట్రేడింగ్ బాట్‌ను డాకర్ కంటైనర్‌లో ఎలా పెట్టాలో చెప్పమన్నారు. ఉదాహరణగా ఫ్రీక్‌ట్రేడ్‌ను తీసుకుంటాను. అది పైథాన్‌లో రాసిన ఓపెన్ సోర్స్ బాట్, క్రిప్టో ఎక్స్ఛేంజీల కోసం తయారైంది. కంపోజ్ ఫైలు దించుకోవాలి, ఇమేజ్ తెచ్చుకోవాలి, యూజర్ డేటా ఫోల్డరు సృష్టించాలి. ఆ తర్వాత ఫ్రీక్‌ట్రేడ్ వరసగా అడిగే ప్రశ్నలకు జవాబులిస్తే కాన్ఫిగ్ ఫైలు తయారవుతుంది. ఆపైన ఒక్క కమాండ్ చాలు, బాట్ నడుస్తుంది. ఇదంతా దాని డాక్యుమెంటేషన్‌లో చక్కగా ఉంది కాబట్టి ఇక్కడ ఆగను.

కంటైనర్‌ను తీసిపారేయడానికి వీలుగానే తయారుచేశారు. చెడితే తీసేస్తాం, అదే ఇమేజ్ నుంచి మరొకటి లేపుతాం. వెబ్‌సైటు నడిపేవాళ్లకు ఇంతకు మించిన సుఖం లేదు. బాట్ సంగతి వేరు. అది పెట్టిన ఆర్డరు, కొన్న కాయిన్ మన మెషీన్‌లో ఉండవు, ఎక్స్ఛేంజీలో ఉంటాయి. కంటైనర్‌ను తీసేసినా అవి అక్కడే ఉంటాయి. కాబట్టి బాట్‌ను ఎక్కించేటప్పుడు ఆలోచించాల్సింది కంటైనర్ పోయాక ఏం మిగలాలి అన్నది.

ముందు కంటైనర్ వల్ల తీరే సమస్య చూద్దాం. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ కేపిటల్ అనే పెద్ద బ్రోకరేజీ సంస్థ కొత్త కోడ్‌తో మార్కెట్‌లోకి దిగింది. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే ఆ కోడ్ చేరింది. ఎనిమిదో దానిలో ఏళ్లుగా వాడుకలో లేని పాత ప్రోగ్రామ్ మిగిలిపోయి, కొత్త సంకేతం అందగానే మేల్కొని ఆర్డర్ల మీద ఆర్డర్లు పంపింది. లోపం ఎక్కడుందో తెలియని గాభరాలో, సరిగ్గా ఉన్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్‌ను తీసేశారు. దాంతో పాత కోడ్ వాటిలోనూ లేచింది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. డాకర్ బయటికొచ్చింది ఆ మరుసటి ఏడాది. ఒకే ఇమేజ్‌ను వెర్షన్ నంబరుతో సహా బిగించి అన్ని చోట్లా నడిపితే ఇలాంటి తేడాకు తావుండదు. అందుకే కంపోజ్ ఫైల్లో ‘స్టేబుల్’ అని వదిలేయకండి, ఫలానా సంవత్సరం, ఫలానా నెల వెర్షన్ అని రాయండి. రాత్రికి రాత్రి బాట్ మారిపోకూడదు.

ఇక కంటైనర్ వల్ల తీరనివి. మొదటిది జ్ఞాపకం. ఏ ట్రేడ్ తెరిచి ఉంది, ఎంతకు కొన్నాం అన్నది బాట్ ఒక ఎస్‌క్యూలైట్ ఫైల్లో రాసుకుంటుంది. ఆ ఫైలు యూజర్ డేటా ఫోల్డరులో, అంటే కంటైనర్ బయట డిస్కు మీద ఉండాలి. లోపలే ఉండిపోతే కంటైనర్‌తోపాటే పోతుంది. కొత్త బాట్‌కు తాను కొన్న కాయినే గుర్తుండదు, ఇక అమ్మడమెలా? ఉత్తుత్తి డబ్బుతో నడిపే డ్రై రన్ నుంచి అసలు డబ్బుకు మారేటప్పుడు మాత్రం కొత్త డేటాబేస్ పెట్టండి. లేకపోతే ఊహాలోకపు ట్రేడ్లు నిజమైన ఖాతాలోకి వస్తాయి.

రెండోది స్టాప్‌లాస్. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మామూలు అమరికలో స్టాప్‌లాస్ బాట్ బుర్రలోనే ఉంటుంది. కొన్ని సెకండ్లకోసారి ధర చూసి, మనం పెట్టిన నష్టపు గీత దాటితే అమ్ముతుంది. కంటైనర్ ఆగిన క్షణం నుంచి ఆ గీతను చూసేవాళ్లు ఉండరు, ధర మాత్రం పడుతూనే ఉంటుంది. స్టాప్ ఆర్డరును ఎక్స్ఛేంజీలోనే పెట్టించే సదుపాయం ఉంది, మొదట్లో అది ఆపి ఉంటుంది. మీ ఎక్స్ఛేంజీ ఒప్పుకుంటే దాన్ని తప్పకుండా ఆన్ చేయండి.

మూడోది తాళాలు. ఏపీఐ కీకి ట్రేడింగ్ అనుమతి చాలు, డబ్బు బయటికి తీసే అనుమతి ఎన్నడూ ఇవ్వకండి. బాట్ వెబ్ పేజీ 8080 పోర్టు మీద ఉంటుంది. కంపోజ్ ఫైల్లో ఆ పోర్టు ముందు 127.0.0.1 ఉంటుంది, దాన్ని చెరపకండి. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఉందిగా అని ధీమా పడేవాళ్లున్నారు. డాకర్ తెరిచే పోర్టులు ఆ ఫైర్‌వాల్ నియమాలను దాటి నేరుగా బయటికి కనిపిస్తాయి.

మన దేశంలో ఉండి నడిపేవాళ్లకు మరో లెక్క. 2022 జులై 1 నుంచి క్రిప్టో అమ్మకంపై ఒక శాతం టీడీఎస్ ఉంది. పాత ధరలతో చేసే బ్యాక్‌టెస్ట్‌కు ఎక్స్ఛేంజీ కమిషన్ తెలుసు, టీడీఎస్ తెలియదు. లాభనష్టాలు లేకుండా ఒకే సొమ్మును వందసార్లు కొని అమ్మితే అందులో సుమారు 63 శాతం టీడీఎస్ కింద చిక్కుకుంటుంది. రిటర్నులో లెక్క తేలేదాకా అది చేతికి రాదు. పైగా లాభంపై 30 శాతం పన్ను, ఒక కాయిన్ నష్టాన్ని మరో కాయిన్ లాభంలో తీసేసుకునే వీల్లేదు. నిమిషానికోసారి కొని అమ్మే స్ట్రాటజీ తెరమీద ఎంత లాభం చూపినా ఇక్కడ నిలవదు. షేర్ల వైపు వెళదామంటే ఫ్రీక్‌ట్రేడ్ అక్కడ పనికిరాదు. బ్రోకర్ ఏపీఐ కావాలి, సెబీ 2025లో తెచ్చిన ఆల్గో నియమాల ప్రకారం స్థిరమైన ఐపీ చిరునామా కావాలి.

ఇవాళ ల్యాప్‌టాప్‌లు తెచ్చుకున్నవారు డ్రై రన్‌లో ఒక ట్రేడ్ తెరుచుకోనివ్వండి. అది తెరిచి ఉండగానే కంటైనర్‌ను తీసేయండి, ఆపకుండా చంపేసినా సరే. కాసేపాగి మళ్లీ లేపండి. ఆ ట్రేడ్‌ను అదే కొనుగోలు ధరతో బాట్ గుర్తుపట్టిందా, లాగ్‌లో ఏం రాసింది, ఆ మధ్యలో ధర స్టాప్‌లాస్ దాటి ఉంటే ఏం జరిగేదో చూడండి. సంతృప్తికరమైన జవాబు దొరికేదాకా కాన్ఫిగ్‌లో డ్రై రన్‌ను అలాగే ఉంచండి.