చెఱ వీడిన స్త్రీకి చోటేది?

1930లో ఉప్పు సత్యాగ్రహమందు పాల్గొని చెఱకేగిన దుర్గాబాయమ్మగారు అచ్చట చదువెఱుంగని సామాన్య ఖైదీ స్త్రీలను గాంచిరి. తమ పక్షమున పలుకువారు లేక శిక్ష ననుభవించు ఆ యభాగినుల దుఃఖమే వారిని న్యాయశాస్త్రాభ్యాసమునకు పురికొల్పెను. 1942లో వారు పట్టము నందిరి.

నేడు మహిళా కారాగారములయందు అక్షరములును, కుట్టుపనియు నేర్పుచున్నారు. ఆంధ్రప్రదేశ రాష్ట్రము ప్రతివాదిగా నున్న వ్యాజ్యమున 2006లో సుప్రీంకోర్టు, తల్లితో చెఱనుండు బిడ్డకు ఆఱేండ్లు నిండువఱకు అన్నము, వైద్యము, విద్య హక్కులేయని తీర్పు చెప్పెను. మంచిదే. కాని రాజమహేంద్రవరపు కారాగారము వీడి విజయవాడలో రైలు దిగిన స్త్రీకి పని యిచ్చువా రెవ్వరు? పురుషుడు చెఱనుండి వచ్చిన నిల్లు చేరును. స్త్రీ వచ్చిన వాకిలి మూయబడును. న్యాయస్థానము విధించిన శిక్షకు గడువున్నది. మనము విధించు శిక్షకు గడువు లేదు. ఇది ధర్మమా?

దేశముకొఱకు చెఱకేగినవారికి మనము పూలమాలలు వేసితిమి. శిక్ష తీరినవారికి మాలలక్కఱలేదు, కూలి చాలును. కృష్ణాడెల్టాలో కుట్టుదుకాణములును, స్త్రీల పొదుపుసంఘములును ఊరూర గలవు. ఒక్కొక్క సంఘ మొక్కతెను చేర్చుకొనవలెనని మేము కోరుచున్నాము. కారాగారము నేర్పిన పని యూరిలోనే ఫలింపవలయును.