ఏ బావి వదిలేశావు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పీజీ చేసి పరిశోధనలోకి వెళ్లే పిల్లలకు ఆలోచించడం ఎలా అలవడుతుందో పది నిమిషాలు చెప్పమని సంఘం వాళ్లు అడిగారు. నాకు తెలిసిన కాస్తా ఒక తప్పు చేసి నేర్చుకున్నదే. ఆ తప్పు సంగతే చెబుతాను.

మాది పొదిలి వైపు పల్లె. నా పళ్ల మీది గోధుమరంగు చారలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. గ్రూపు ఫొటోలో నోరు బిగించుకుని నిలబడింది నేనే. మా తాత మెడ తిప్పలేక, ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేవాడు. వయసు మీద పడింది అనుకున్నాం. అది నీళ్లలోని ఫ్లోరైడ్ పని అని డిగ్రీకి వచ్చాక గాని నాకు తెలియలేదు. అందుకే ఎమ్మెస్సీ జియాలజీ అయ్యాక పరిశోధనకు మన నీళ్లనే ఎంచుకున్నాను.

బోరు ఎంత లోతుకు పోతే ఫ్లోరైడ్ అంత ఎక్కువ. ఇదీ నా ఊహ. ఒక ఎండాకాలమంతా స్నేహితుడి మోపెడ్ మీద ప్లాస్టిక్ సీసాలు కట్టుకుని తిరిగాను. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. నా సీసాల్లో చాలావి ఆ గీత దాటాయి. గ్రాఫు గీస్తే ఊహించినట్టే చుక్కలన్నీ ఏటవాలుగా పైకి లేచాయి. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

మా గైడు గారు గ్రాఫు పక్కన పెట్టి మ్యాపు అడిగారు.

"లోతు బోర్లన్నీ ఎక్కడివయ్యా?"

"పొదిలి, కనిగిరి వైపువి సార్."

"తక్కువ లోతు బావులు?"

"మార్కాపురం, కంభం వైపువి సార్."

"అయితే నువ్వు కొలిచింది లోతునా, రాయినా? ఏ బావి వదిలేశావు?"

నోట మాట రాలేదు. మార్కాపురం, కంభం కింద ఉన్నది పలకరాయి. మనమంతా అక్షరాలు దిద్దిన పలకలు ఆ రాతివే. కనిగిరి వైపుకు పోతే గ్రానైటు. గ్రానైటులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, కాల్షియం తగ్గి, బైకార్బొనేటు పెరిగితే ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగి అక్కడే ఉండిపోతుంది. ఇదంతా నేను పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్న పాఠమే. నా గ్రాఫు దగ్గరకు వచ్చేసరికి మాత్రం గుర్తుకు రాలేదు. గ్రాఫు నేను కోరుకున్న జవాబే చెబుతుంటే ఇక పాఠం ఎవడికి కావాలి?

ఇంటికి వచ్చి మా చెల్లెలి పలక తీసుకుని నాలుగు గళ్లు గీశాను. పలకరాయిలో లోతు బోరు, పలకరాయిలో పైబావి, గ్రానైటులో లోతు బోరు, గ్రానైటులో పైబావి. నా సీసాలన్నీ రెండు గళ్లలోనే పడ్డాయి. మిగతా రెండూ ఖాళీ. ఆ రెండు గళ్లలోకి చూడకుండా లోతు గురించి నోరెత్తే హక్కు నాకు లేదు. మళ్లీ మోపెడ్ ఎక్కాను.

గ్రానైటు నేలలో నీళ్లున్న పైబావి దొరకడం కష్టం. బోర్లు పడ్డాక చాలా బావులు ఎండిపోయి ముళ్లకంపతో పూడిపోయాయి. కొనకనమిట్ల వైపు ఒక ఊళ్లో, అంతకుముందు నేను పట్టుకుపోయిన బోరు దగ్గరే మళ్లీ నిలబడి ఉంటే ఒక అవ్వ వచ్చి, "ఆ నీళ్లు మేం తాగం నాయనా, బర్రెలకు పోస్తాం. తాగేది అదిగో, ఆ చింతచెట్టు కింది బావి నీళ్లు" అంది. మొదటిసారి వచ్చినప్పుడు నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. బోరు కనిపించింది, సీసా నింపుకున్నాను. ఊరు ఏ నీళ్లు తాగుతోందో తెలియకుండానే ఊరి జబ్బు మీద థీసిస్ రాయబోయాను!

అసలు మన దేశంలో ఈ జబ్బు కథ మొదలైంది కూడా మన వైపే. ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడాన్ని అప్పటి నెల్లూరు జిల్లా రైతులు ముందు గమనించారని, ఆ తర్వాతే మనుషుల్లో గుర్తించారని ఈ రంగంలో చెప్పుకుంటారు. షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు 1937లో దాన్ని వైద్య పత్రికలో ప్రకటించారు. పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లావే, 1970లో గాని ఇటు కలవలేదు. పేరు డాక్టర్లకు వచ్చింది, అది న్యాయమే. కానీ రైతు చెప్పింది వినేవాళ్లు ఒకరు ఉండబట్టే ఆ పని ముందుకు సాగిందని నాకు అనిపిస్తుంది.

అప్పటి నుంచి నోటుబుక్కు రాసే తీరు మార్చాను. ఎడమ పేజీలో కళ్లతో చూసింది, చెవులతో విన్నది మాత్రమే. కుడి పేజీలో నేననుకున్నది. రెండూ కలవనివ్వను. నీళ్లలో మీటరు ఎలక్ట్రోడు ముంచేముందు ఎంత వస్తుందో పెన్సిలుతో కుడి పేజీలో రాసుకుంటాను. అంకె చూశాక "నేనూ ఇదే అనుకున్నా" అనడం మనసుకు మహా తేలిక. పెన్సిలు అంకె ఆ పప్పు ఉడకనివ్వదు. మొదటి నెల నా అంచనాల్లో సగానికి పైగా తప్పాయి. ఎక్కడ తప్పాయో అక్కడే నాకు కొత్త సంగతులు దొరికాయి.

ఒకటి చెప్పాలి. మన చదువుల్లో ప్రశ్న ఎప్పుడూ పేపరు ఇచ్చేవాళ్లది, జవాబు మాత్రమే మనది. ర్యాంకులు వచ్చిన పిల్లలు కూడా పరిశోధనలో మొదటి ఏడాది తడబడేది అందుకే. తెలివి తక్కువై కాదు. నేనూ తడబడ్డాను, బయటికి చెప్పుకోలేక ఒక ఏడాది దాచుకున్నాను కూడా.

చివరికి ఏం తేలిందని మీరు అడగవచ్చు. లోతు మాట పూర్తిగా కొట్టేయలేదు, కానీ ముందు వరసలో రాయి, నీటి గుణం వచ్చి కూర్చున్నాయి. నాలుగు గళ్లలో ఒకటి సరిగా నిండనే లేదు. థీసిస్‌లో ఆ మాట ఉన్నదున్నట్టు రాశాను. వైవాలో ఎక్కువసేపు అడిగింది ఆ ఖాళీ గడి గురించే.

నా సంచిలో ఇప్పుడు రెండు ప్లాస్టిక్ సీసాలున్నాయి. భోజనాలయ్యాక మన బడి బోరు దగ్గరికి వెళ్తున్నాను. హెడ్మాస్టరు గారు ఒప్పుకుంటే పదో తరగతి పిల్లల్ని నాతో పంపండి. సీసా నింపేముందు, ఈ నీళ్లు నిజంగా ఎవరు తాగుతున్నారో, ఎవరు ఇంటి నుంచి తెచ్చుకుంటున్నారో వాళ్లనే కనుక్కోమంటాను. పెన్సిళ్లు నేనే తెచ్చాను.