నవల వెనక ఉన్న పని



నవలాకారులు తమ పుస్తకాల గురించీ, తమ రచనా జీవితం గురించీ తామే మాట్లాడే ఈ సమావేశానికి అధ్యక్షత వహించమని నిర్వాహకులు అడిగారు. సంతోషంగా ఒప్పుకున్నాను. అందుకు కారణం ఒకటుంది. మన సభల్లో నవలాకారుణ్ని అడిగే ప్రశ్నలు చాలాకాలంగా రెండు మూడింటి దగ్గరే ఆగిపోయాయి. ఈ నవలకు ప్రేరణ ఏమిటి? సమాజానికి మీరిచ్చే సందేశం ఏమిటి? మీ అభిమాన రచయిత ఎవరు? సందేశం నవలలోనే ఉంటుంది, చదివినవాళ్లకు అందే ఉంటుంది. అందనిది దాని వెనక ఉన్న పని. మొదటి చిత్తుప్రతికీ అచ్చయిన పుస్తకానికీ మధ్య ఎన్ని అధ్యాయాలు పోయాయి, అనుకోకుండా వచ్చిన ఏ పాత్ర కథను తనవైపు లాక్కుపోయింది, ఆ ఏళ్లలో ఇల్లు ఎలా గడిచింది? ఇవాళ వీటి గురించి వినాలని నా కోరిక.

ఇది మనకు కొత్త కాదు. తెలుగు నవల తొలి రోజుల్లోనే ఇలాంటి మాట ఒకటి దొరుకుతుంది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ‘రాజశేఖర చరిత్రము’ను 1878లో తమ ‘వివేకవర్ధని’ పత్రికలో ప్రచురించడం మొదలుపెట్టారు. 1880లో అది పుస్తకమైంది. గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ను తెలుగు చేద్దామని పూనుకుని, తృప్తి కలగక దాన్ని మానేసి, సొంతంగా ఈ కథ కల్పించానని పంతులుగారే చెప్పుకున్నారు. 1872లో వచ్చిన నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారి ‘శ్రీరంగరాజ చరిత్రము’ తొలి నవలా, ఇది తొలి నవలా అన్న వాదాన్ని ఇవాళ్టికి పక్కన పెడదాం. నన్ను కట్టిపడేసేది పంతులుగారి ఆ మాట. ఇంగ్లండు పల్లెలోని పాదిరీ కుటుంబాన్ని వదిలి, గోదావరి ఒడ్డున ధవళేశ్వరంలోని ఒక బ్రాహ్మణ కుటుంబాన్ని ఎత్తుకున్నారు ఆయన. ఎక్కడ అప్పు తెచ్చుకున్నారో, ఎక్కడినుంచి తన దారి పట్టారో దాచుకోలేదు. రాయడం నేర్చుకునే పిల్లలకు ప్రతిభ మీద పది ఉపన్యాసాల కన్నా ఇలాంటి ఒక్క సంగతి ఎక్కువ పనికొస్తుంది.

రాసే పద్ధతి నవలలో కనబడుతుందనే నేను నమ్ముతాను. విశ్వనాథ సత్యనారాయణగారు ‘వేయిపడగలు’ చెబుతూ ఉంటే తమ్ముడు రాసుకున్నారు. ఆ పుస్తకంలో కథ ఆగి, శాస్త్రచర్చ సాగి, మళ్లీ తాపీగా కథలోకి వచ్చే తీరు చూడండి. అది పురాణం చెప్పే గొంతు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో బహుమతిని ‘వేయిపడగలు’తో పంచుకున్నది అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’. బాపిరాజుగారు చిత్రకారులు. ఒకరిది చెప్పే నవల, ఇంకొకరిది చూసే నవల. ఈ తేడాను మన పాఠ్యపుస్తకాలు భావజాలం తేడాగా మాత్రమే చెప్పి ఊరుకుంటాయి. అది చాలదు.

ఇక బతుకుతెరువు. దీని గురించి మాట్లాడటం సాహిత్యానికి తక్కువ అనే సంకోచం మనలో ఉంది. ఉండకూడదు. రావిశాస్త్రిగారు విశాఖపట్నంలో వకీలు. డాక్టర్ కేశవరెడ్డిగారు నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేశారు. వట్టికోట ఆళ్వారుస్వామిగారు ఇళ్లలో వంట చేసి, హోటల్లో సర్వరుగా నిలబడి, ప్రూఫులు దిద్ది, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. పుస్తకాలు అచ్చు వేయడమే కాదు, మోసుకుపోయి అమ్మారు కూడా. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకాన్ని చేతుల మీద పాఠకుడి ఇంటికి చేర్చిన ఆ మనిషే ‘ప్రజల మనిషి’ రాశారు. ‘గంగు’ నవలను పూర్తి చేయకుండానే 1961లో కన్నుమూశారు. వీళ్ల నవలల గొప్పదనం గురించి చెప్పేటప్పుడు వీళ్ల పగటి ఉద్యోగాల గురించి కూడా చెప్పాలి. రావిశాస్త్రిగారి వాక్యంలో కోర్టు వసారా వినబడుతుంది. ఆ వసారాలో ఆయన ఏళ్ల తరబడి నిలబడ్డారు.

రాతతో బతకగలిగిన కాలం కూడా మనకు ఒకటుంది. వారపత్రికల కాలం. దాని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే దానికి మనం అన్యాయం చేశాం. 1960లు, 70లలో ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వీక్లీల్లో, జ్యోతి లాంటి మాసపత్రికల్లో సీరియళ్లు నడిచాయి. రంగనాయకమ్మ, యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, ద్వివేదుల విశాలాక్షి, మాలతీ చందూర్ వంటి రచయిత్రులు ఇంటింటికీ తెలిసిన పేర్లయ్యారు. సీరియల్ పేజీలను పత్రికలోంచి జాగ్రత్తగా విప్పి, వరసగా పేర్చి, దారంతో కుట్టి, మందపాటి అట్ట వేసి, అట్ట మీద సిరాతో పేరు రాసి దాచుకున్న బైండు పుస్తకాలు ఇప్పటికీ పాత ఇళ్ల అటకల మీద దొరుకుతాయి. పేజీకి వెనక వైపు వంటల శీర్షిక సగం, తలనూనె ప్రకటన సగం ఉంటాయి. ఆ బైండు ఒక ఇంట్లో చదవడం అయ్యాక పక్కింటికి, అక్కడినుంచి ఎదురింటికి వెళ్లేది. యద్దనపూడి ‘సెక్రటరీ’ అలా చేతులు మారిన నవల. విమర్శకులు దాన్నంతా కాలక్షేపం కింద జమ కట్టారు. కానీ వారం వారం గడువుకు రాస్తూ, ప్రతి భాగాన్నీ పాఠకురాలు మరో వారం ఎదురుచూసేలా ముగిస్తూ, ఏడాది పొడుగునా ఒక కథను నిలబెట్టడం చిన్న పని కాదు. ఆ పనితనాన్ని మనం తూచలేదు. అదే మాలతీ చందూర్‌గారు ‘పాత కెరటాలు’ శీర్షికతో ప్రపంచ నవలలను గృహిణుల చేతికి అందించారు, ‘హృదయనేత్రి’కి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. కాలక్షేపం ఒక గట్టునా, సాహిత్యం ఇంకో గట్టునా ఉన్నాయనే వాళ్లు ఆమెను ఏ గట్టున కూర్చోబెడతారు?

ఆ పత్రికల్లో చాలావరకు ఆగిపోయాయి. ఇప్పుడు నవల రాసినవారే డీటీపీ చేయించుకోవాలి, ప్రూఫులు దిద్దుకోవాలి, ముఖచిత్రానికి డబ్బు కట్టాలి, కొన్ని వందల కాపీలు వేయించి, వాటిలో సగం మిత్రులకు పంచిపెట్టాలి. ఇది అందరికీ తెలిసిందే. అయినా నవల ఆగలేదు. అనంతపురం చరిత్రను లోతుగా తవ్విన బండి నారాయణస్వామిగారి ‘శప్తభూమి’కి ముందు అమెరికా తెలుగువాళ్ల సంస్థ తానా నవలల పోటీ బహుమతి వచ్చింది, తర్వాత 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పోటీ గడువు ఒక పెద్ద నవలను పూర్తి చేయిస్తుందా, తొందరపెడుతుందా? పోటీలకు రాసినవారు ఈ వేదిక మీద ఉంటే ఈ సంగతి దయచేసి విడమరిచి చెప్పండి. ఇక్కడున్న యువ రచయితలు దాన్ని బట్టి నిర్ణయాలు తీసుకుంటారు.

రూపం గురించి కూడా ఒక మాట. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి గడిపిన ఒకే ఒక్క రోజును నవలంతా పరిచి, 1969లో ‘అంపశయ్య’ తెచ్చారు నవీన్‌గారు. ఆ పుస్తకం పేరే ఆయన ఇంటిపేరైపోయింది. కేశవరెడ్డిగారి ‘అతడు అడవిని జయించాడు’లో ఉన్నది ఒక ముసలివాడు, అడవి, ఈనడానికి వెళ్లిన పంది. అంతే. అంత తక్కువ సరంజామాతో పాఠకుణ్ని ఊపిరి బిగబట్టించడానికి ఏమేం తీసిపారేయాలో ఆలోచించండి. ఊరి వర్ణన తీసేయాలి, వంశ చరిత్ర తీసేయాలి, ఉపకథలు తీసేయాలి. మన నవలాకారుల్లో చాలామంది చేర్చడం గురించి మాట్లాడతారు. తీసేయడం గురించి ఎవరైనా మాట్లాడితే నేను ముందు వరుసలో కూర్చుని వింటాను.

నిర్వాహకులకు ఒక విన్నపం. ఇవాళ్టి మాటలను రికార్డు చేస్తున్నారు, మంచిదే. దాన్ని పక్కన పెట్టేయకుండా, రాతలోకి దించి, రచయితల చేత సరిచూపించి అచ్చు వేయండి. వీలైతే ప్రతి రచయితా ఒక చిత్తుప్రతి పేజీని, కొట్టివేతలతో సహా, దానికి జతచేయనివ్వండి. తెలుగు శాఖల్లో నవల మీద పరిశోధన చేస్తున్న విద్యార్థులకు కథాసంగ్రహాల కన్నా ఆ పేజీలు ఎక్కువ అవసరం.

శ్రోతలకు ఇంకొకటి. ప్రశ్నలకు సమయం ఉంటుంది. మీరు చదివిన నవల గురించే అడగండి, ఫలానా అధ్యాయం, ఫలానా సంభాషణ అని చూపించి అడగండి. చదవని నవల అయితే ఇవాళ విని, బయట స్టాల్లో కొని, చదివాక ఉత్తరం రాయండి. వేదిక మీద ఉన్నవాళ్లలో ఒక్కరు కూడా పాఠకుడి ఉత్తరాన్ని తేలిగ్గా తీసుకునేవారు కాదు.

మొదట మాట్లాడవలసినవారు తమ తొలి నవలను మూడుసార్లు తిరగరాశారని విన్నాను. మొదటి రెండు ప్రతుల్లో ఏం ఉండేదో, దాన్ని ఎందుకు వదులుకున్నారో అక్కడినుంచే మొదలుపెట్టమని కోరుతూ, వారికి మైకు అందిస్తున్నాను.