ఊక కాలాక మిగిలేది

1931లో మంజీరపై పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు బాన్సువాడ పొలాల్లో వరిని పండిస్తున్నాయి. క్వింటాలు వడ్లు మర పట్టిస్తే ఇరవై కిలోల దాకా ఊక వస్తుంది. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో వడ్లు ఉడికించే ఆవిరికి ఆ ఊకే వంటచెరకు. బొగ్గు కొనే పని లేదు.

అసలు సంగతి బూడిదలో ఉంది. ఊక బరువులో దాదాపు ఐదో వంతు బూడిదే. అందులో నూటికి 85 పాళ్లకు పైగా సిలికా. వరి మొక్క వేళ్లతో నేల నుంచి పీల్చుకున్నదే అది! గుప్పెడు బూడిద తీసి చూడండి. నల్లగా ఉంటే ఊక సరిగా కాలలేదు, కార్బన్ మిగిలిందన్నమాట. మంట 700 డిగ్రీల లోపు నిలకడగా ఉంటే సిలికా స్ఫటికంగా మారదు. అలాంటి బూడిదను మెత్తగా నూరి, సిమెంటులో కొంత భాగానికి బదులు కలిపితే కాంక్రీటు గట్టిపడుతుంది. టైర్ల రబ్బరులో కలిపే సిలికానూ దీన్నుంచి తీస్తున్నారు.

మంట మితిమీరితే మాత్రం సిలికా స్ఫటికమవుతుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ఇంత విలువైన బూడిదను రోడ్డు పక్కన గుమ్మరించడం ఏం తెలివో! మిల్లు యజమానులారా, బూడిదను తడిపి, పైన పట్టా కప్పి తరలించండి.