పర్సులో రివాల్వరు, ఇంట్లో తుపాకి
(కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున చర్చలో ఒక ప్రశ్న వచ్చింది. ఆడవాళ్లకి తుపాకి లైసెన్సులు ఇప్పించమని మన సంఘాలు ఎందుకు అడగవు, రాత్రి డ్యూటీ దిగి వచ్చేవాళ్లు, చీకటితో పొలానికి పోయేవాళ్లు ఏం పట్టుకుని తిరగాలి అని. కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. భయంతో బతికే మనిషి అడిగే ప్రశ్న అది. కాబట్టి ఇవాళ రివాల్వరు గురించే మాట్లాడతాను.

2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తర్వాత, 2014 జనవరిలో, కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' అనే రివాల్వరును ఆడవాళ్ల కోసమంటూ అమ్మకానికి పెట్టింది. .32 బోరు, ఆరు తూటాలు, టైటానియం మిశ్రలోహం, సుమారు అరకిలో బరువు. నగల పెట్టె లాంటి పెట్టెలో పెట్టి ఇచ్చారు. ధర 1,22,000 రూపాయల పైచిలుకు. ఆ సంవత్సరం ఆంధ్ర, తెలంగాణల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 169 రూపాయలు, పని ఏడాదికి వంద రోజులు. ఏడేళ్ల కూలి ఒక్క పైసా ముట్టకుండా దాచినా ఆ పెట్టె చేతికి రాదు. 2023 ఆగస్టులో అదే ఊరి నుంచి 'ప్రబల్' వచ్చింది. అదీ .32 బోరే. అదీ ఆడవాళ్ల పర్సులో ఇముడుతుందనే ప్రచారం చేశారు. ఈ వ్యాపారం కొత్తదేం కాదు. అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే 'లేడీస్మిత్' పేరుతో చిన్న .22 రివాల్వరు అమ్మింది. 1989లో మళ్లీ అదే పేరు బయటికి తీసింది.

సరే, కొనగలిగిన స్త్రీ ఒకరు ఉన్నారనుకుందాం. ఏం చూసుకోవాలి? పిస్తోలుకైతే పైభాగాన్ని బలంగా వెనక్కి లాగి తూటా ఎక్కించాలి. రివాల్వరుకు ఆ పని లేదు. ఒక తూటా పేలకపోతే ట్రిగ్గరు మళ్లీ నొక్కితే రెండోది వస్తుంది. కొత్తవాళ్లకి రివాల్వరు మేలు అనేది ఇందుకే. కానీ దాని ట్రిగ్గరు బరువుగా ఉంటుంది. వేలితో గట్టిగా లాగేటప్పుడు గురి పక్కకి పోతుంది. మోయడానికి తేలికైన తుపాకి పేల్చేటప్పుడు చేతిని ఎక్కువగా తన్నుతుంది. అరకిలో తుపాకి కన్నా ముప్పావు కిలోది చేతిలో నిలకడగా ఉంటుంది, కానీ అది రోజూ పర్సులో మోయబుద్ధి కాదు. ఈ రెండు గుణాలూ ఒకే తుపాకిలో దొరకవు, ప్రకటనల్లో మాత్రం దొరుకుతాయి! .38, 9 ఎం.ఎం. మామూలు పౌరులకి నిషిద్ధం గనక మిగిలేది .22, .32. .22 తన్నదు, తూటాలు చవక, అయితే పేలకుండా మొరాయించడం దానిలో ఎక్కువ. పర్సులో పెడితే ఆ అరలో తాళాలూ పెన్నులూ ఏవీ ఉండకూడదు, ట్రిగ్గరుకు తగులుతాయి. ఇంటికి రాగానే ఆ పర్సు పిల్లల చేతికి అందకూడదు.

అమెరికాలో టుయెలర్ అనే పోలీసు శిక్షకుడు 1983లో ఒక లెక్క రాశాడు. కత్తి పట్టుకున్నవాడు 21 అడుగుల దూరం నుంచి ఒకటిన్నర సెకనులో మీద పడతాడు. నడుముకు తుపాకి కట్టుకున్న పోలీసుకే అది చాలీచాలని సమయం. జిప్పు తీసి, రుమాలు పక్కకి తోసి, వెతికి తీయడానికి మనకి ఎంత పడుతుంది?

ఇక లైసెన్సు. 1959 ఆయుధ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండాలి, పోలీసు విచారణ జరగాలి. 2016 నిబంధనలు శిక్షణ కూడా పొందాలన్నాయి. తూటాలు లైసెన్సులో రాసిన సంఖ్యకు మించి కొనడానికి లేదు. సాధన లేని తుపాకి గుంజుకున్నవాడిది అవుతుంది. ఆత్మరక్షణ హక్కు మాత్రం లైసెన్సుతో వచ్చేది కాదు. అత్యాచారానికీ యాసిడ్ దాడికీ తెగబడ్డవాణ్ణి, మరో దారి లేక చంపవలసి వచ్చినా భారతీయ న్యాయ సంహిత 38వ సెక్షన్ ఆ హక్కును గుర్తిస్తుంది. చేతిలో ఉన్నది కొడవలైనా సరే.

అసలు మాట ఇది. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితుడు ఆమెకు తెలిసినవాడేనని జాతీయ నేర రికార్డుల సంస్థ నివేదికలు ఏటేటా చెబుతున్నాయి. మామ, బావ, పక్కింటివాడు, పెళ్లి చేసుకుంటానన్నవాడు. వాళ్ల ముందు ఎవరూ పర్సు తగిలించుకుని కూర్చోరు. అమెరికాలో 11 నగరాల్లో చేసి 2003లో ప్రచురించిన పరిశోధన, కొట్టే మగవాడికి తుపాకి అందుబాటులో ఉంటే ఆ స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం సుమారు ఐదు రెట్లు పెరుగుతుందని తేల్చింది. ఇంట్లో ఉన్న తుపాకి ఎవరి పేరున ఉన్నా, అది ఎవరి చేతిలో ఉంటుందో మనకి తెలుసు.

కాబట్టి మన దగ్గరికి వచ్చే ప్రతి గృహహింస కేసులో ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: ఆయన దగ్గర తుపాకి ఉందా, లైసెన్సు ఉందా? ఆమె తనంత తానుగా చెప్పదు, రోజూ గోడకి చూసే వస్తువది. ఉందంటే రెండు దారులున్నాయి. ప్రజల భద్రత కోసం లైసెన్సును నిలిపివేసే, రద్దు చేసే అధికారం ఆయుధ చట్టం 17వ సెక్షన్ లైసెన్సు అధికారికి ఇచ్చింది. జిల్లాల్లో కలెక్టరుకి, కమిషనరేట్లలో పోలీసు కమిషనరుకి రాయాలి. రెండోది, హింసకు వాడిన ఆయుధాన్ని స్వాధీనం చేసుకోమని రక్షణ అధికారిని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చని గృహహింస చట్టం నిబంధనల్లో ఉంది. మనం నివాస హక్కు, మనోవర్తి అడుగుతున్నాం గానీ దీన్ని అడగడం మరిచిపోతున్నాం.

మధ్యాహ్నం గ్రూపుల్లో కూర్చున్నప్పుడు ఈ రెండు దరఖాస్తులకీ నమూనాలు రాద్దాం. బెదిరించిన తేదీ, చూసిన సాక్షి, లైసెన్సు నంబరు దొరికితే అదీ, వేర్వేరు గళ్లలో ఉండాలి.