లెక్కలోని పంతులు, బడిలోని పంతులు

(రాయపూర్‌లో మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల సంఖ్యను గూర్చి మాట్లాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. లెక్కలతో ఉద్యోగము చేయువాడనని ఎరిగియే కోరినట్లున్నారు. పండుగనాడు అంకెలు వినిపించుట అపరాధమే. అయినను కొన్ని మనవి చేసెదను.

1950–51లో మన దేశమునందు ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు 5 లక్షల 38 వేలమంది. వారిలో స్త్రీలు 82 వేలమంది మాత్రమే. 2000–01 నాటికి మొత్తము 18 లక్షల 96 వేలు, అందు స్త్రీలు 6 లక్షల 75 వేలు. యాబది యేండ్లలో ఉపాధ్యాయులు మూడున్నర రెట్లు, ఉపాధ్యాయినులు ఎనిమిది రెట్లు అయినారన్నమాట. సంతోషింపదగినదే. కాని అదే కాలమున ప్రాథమిక తరగతుల పిల్లలు 1 కోటి 92 లక్షలనుండి 11 కోట్ల 38 లక్షలైనారు. అనగా దాదాపు ఆరు రెట్లు!

ఈ వెలితిని ఎట్లు పూడ్చినారో తెలిసికొనుటకు మనమున్న ఈ ప్రాంతమే చాలును. ఇది మధ్యప్రదేశ్‌లో భాగమై యున్నపుడు, 1990ల దశకమున, శాశ్వతోపాధ్యాయులకు బదులు తక్కువ వేతనముపై ‘శిక్షాకర్ము’లను పంచాయతీల ద్వారా నియమింపసాగిరి. 1997లో మరియొక పథకము వచ్చినది. కిలోమీటరు దూరములో బడి లేని పల్లెవారు, నలుబదిమంది పిల్లలున్న యెడల, గిరిజన ప్రాంతములలో ఇరువదియైదుగురున్నను, బడి కావలెనని అడిగినచో ప్రభుత్వము 90 దినములలో ‘గురూజీ’ని ఇయ్యవలెను. అడవి పల్లెలకు అక్షరము చేరినది. ఆ మేలును కాదనరాదు. కాని గురూజీయు, శిక్షాకర్మియు, పూర్తి జీతపు ఉపాధ్యాయుడును లెక్కలో ఒక్కొక్క తలయే! 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన తరువాతను శిక్షాకర్ములు చాలకాలము వేచిరి. ఎనిమిదేండ్ల సేవ నిండినవారిని విద్యాశాఖలో చేర్చుకొన్నది 2018 జూలై 1 నుండి. మన ఆంధ్రమును ఇందుకు వెలి కాదు. 1980ల దశకమున నెలకు 398 రూపాయలకు పనిచేసిన స్పెషల్ టీచర్ల కుటుంబములవారు ఈ సభలోనే ఉండవచ్చును.

ఇక ఇటీవలి మాట. 2025లో ఉపాధ్యాయుల సర్దుబాటు తలపెట్టినపుడు ఈ రాష్ట్ర ప్రభుత్వమే చెప్పిన లెక్క యిది: ప్రాథమిక పాఠశాలలలో సగటున ఒక్కొక్క ఉపాధ్యాయునకు 21.84 మంది పిల్లలు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ముప్పదిమంది వరకు అనుమతించును గనుక సగటు చక్కగనే యుండెను. అయినను అప్పటికి 212 ప్రాథమిక బడులలో ఒక్క ఉపాధ్యాయుడును లేకుండెను. 6,872 బడులలో ఒక్కడే యుండెను. ఉపాధ్యాయులు లేని బడులకు పంపినామని ప్రభుత్వము తరువాత ప్రకటించినది. బడులను కలుపుటపై ఉపాధ్యాయ సంఘములు ఆందోళన చేసినవి.

పొరుగువారిని ఆక్షేపించుటకు మనకు నోరు లేదు. 2024–25లో దేశములోని ఏకోపాధ్యాయ పాఠశాలలు 1,04,125. అందు 12,912 బడులతో మొదటి స్థానము ఆంధ్రప్రదేశ్‌దే. పిల్లలు అరువదికి లోపుగా ఉన్నను ఇద్దరు ఉపాధ్యాయులుండవలెనని చట్టము చెప్పుచున్నది గదా!

ఇద్దరెందుకని అడుగువారు నేను చదివిన బడిని చూడవలసినది. పంతులుగారు ఒక్కరే. ఐదవ తరగతికి లెక్క యిచ్చి, మూడవ తరగతిచేత ఎక్కములు వల్లె వేయించుచు, ఒకటవ తరగతి పిల్లలను మావంటి పెద్దవారికి అప్పగించెడివారు. మేము దిద్దించిన తప్పులే వారి ఓనమాలు. ఎన్నికల పనికో జనాభా లెక్కలకో ఆయనను పిలిచిరా, బడికి తాళమే. ఆయనకు జ్వరము వచ్చినచో ఊరి పిల్లలందరకు సెలవు. మేము సంతోషించితిమి, మా తల్లులు సంతోషింపలేదు.

సంక్రాంతికి స్వగ్రామము వెళ్లినపుడు, ఊరిబడిలో ఎందరు పంతుళ్లున్నారని మాత్రమే గాక, ఒకరు సెలవు పెట్టిననాడు తలుపు ఎవరు తీయుదురో కూడ దయచేసి అడిగి రండు. వచ్చిన సమాధానములను వ్రాసి యుంచుటకు నావద్ద ఒక పుస్తకము సిద్ధముగా నున్నది. పిల్లల నాటకమునకు వేషములు పూర్తియైనవని కార్యదర్శిగారు సైగ చేయుచున్నారు. సెలవు.