బీరువాలో దాచిన కాగితం
(వార్షికోత్సవ సభలో చేసిన ఆరోగ్య ప్రసంగ పాఠం)



నేను డాక్టరునే గానీ, చిన్నప్పుడు కండెలు చుట్టిన చేతులేనండీ ఇవి. అందుకే మా ఇంటి మాటే చెబుతాను. మా పెదనాన్నగారికి కడుపునొప్పి వస్తే స్కానింగ్ తీశారు. "ఫ్యాటీ లివర్, గ్రేడ్ వన్" అని వచ్చింది. "ఈ రోజుల్లో అందరికీ ఉండేదేలే" అని కాగితం మడిచి బీరువాలో పెట్టేశారు. షుగరు, బీపీ చూపించుకోలేదు. నాలుగేళ్ళకి మగ్గం మీద ఉండగానే గుండెపోటుతో పోయారు. ఆ కాగితం తరవాత నా చేతికొచ్చింది.

కాలేయంలో కొవ్వు ఉంటే గుండెకేమిటి సంబంధం అంటారా? తిన్నది ఎక్కువై, ఒళ్ళు కదలడం తక్కువైతే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అప్పుడు కాలేయం కొవ్వును తనలో పేర్చుకుంటుంది, చక్కెరనీ కొవ్వునీ రక్తంలోకీ వదులుతుంది. షుగరు పెరుగుతుంది, రక్తనాళాలు పూడుతాయి. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ప్రాణం తీసేది కాలేయం కాదు, గుండెజబ్బే. మందు ముట్టని ఆడవాళ్ళకూ ఇది వస్తుంది. మందు తోడైతే మరీ చేటు. మన యానాంలో అది చవకని వేరే చెప్పాలా?

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో మధుమేహం 11.4 శాతం, మన పుదుచ్చేరిలో 26.3 శాతం. అంటే నలుగురిలో ఒకరికి. 2021లోనే కేంద్రం ఫ్యాటీ లివర్‌ని షుగరు, గుండెజబ్బుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది.

గుంట మగ్గంలో కాళ్ళు ఆడతాయి గదా అంటారు. నిజమే, కానీ అది చురుకైన నడకకి సాటిరాదు. రోజూ అరగంట గోదావరి గట్టున నడవండి. అన్నం ఒక గరిటె తగ్గించి కూర, పప్పు పెంచండి. టీలో పంచదార, కూల్‌డ్రింకులు మానండి. బరువు ఎక్కువున్నవాళ్ళు పదో వంతు తగ్గితే కాలేయం చాలావరకు కోలుకుంటుంది. టేపుతో నడుము కొలవండి: మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే షుగరు, బీపీ, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు చేయించుకోండి. లివర్ ఎంజైములు మామూలుగా ఉన్నాయని ధీమా పడొద్దు, అయినా కొవ్వు ఉండొచ్చు. డాక్టరు ఇచ్చిన షుగరు, కొలెస్ట్రాల్ మందులు మీ అంతట మీరు ఆపొద్దు.

పడుగులో ఒక్క పోగు తెగితే మనం నేత ఆపి, అతికి గానీ ముందుకెళ్ళం. ఒంటి విషయంలో మాత్రం ఎందుకండీ ఉపేక్ష? మీ బీరువాలోనూ అలాంటి కాగితం ఉంటే ఈ రాత్రే తీయండి, రేపే డాక్టరుకు చూపించండి.